మెదడు జబ్బులు – జన్యువుల తేడాలు

ఒకే తల్లి కడుపున పుట్టి, ఒకే ఇంట్లో, ఒకే వంట తిని పెరిగిన అన్నదమ్ముల్లో ఒకరికి నలభయ్యో ఏట చేతులు వణకడం మొదలవుతుంది. రెండో ఆయనకు ఎనభై దాటినా చేతిలోని కాఫీ తొణకదు. ఒక పెద్దావిడ తొంభై ఏళ్ళ వయసులో మునిమనవల పేర్లు కూడా తడుముకోకుండా చెబుతుంది. ఆవిడ చెల్లెలు డెబ్బైకే తన వీధి తాను గుర్తు పట్టలేకపోతుంది. ఎందుకిలా జరుగుతుంది? మన పెద్దలు దీన్ని తలరాత అన్నారు. ఇప్పుడు కొందరు "అంతా జన్యువుల్లోనే ఉంది" అంటున్నారు. మాట మారింది గాని, రెండింటి అర్థం ఇంచుమించు ఒకటే. రాసిపెట్టి ఉంది, చేయగలిగింది లేదని.

అది నిజమేనా? ఈ పాఠంలో మనం తెలుసుకోబోయేది ఇదే. ఉదాహరణల కోసం ఎక్కడెక్కడికో వెళ్ళనక్కరలేదు. ఢిల్లీ, దాని చుట్టుపక్కల జరిగిన పరిశోధనలే ఈ విషయాన్ని చక్కగా వివరిస్తాయి. వాటిలో కొన్ని మన తెలుగు ఇళ్ళకూ వర్తిస్తాయి.

అక్షరాల్లో తేడా

ముందుగా తేడా అంటే ఏమిటో చూద్దాం. మన శరీరంలోని దాదాపు ప్రతి కణంలోనూ 23 జతల క్రోమోజోములు ఉంటాయి. ప్రతి జతలో ఒకటి తల్లి నుంచి, ఒకటి తండ్రి నుంచి వస్తాయి. ఈ క్రోమోజోముల్లో ఉండే డి.ఎన్.ఎ.ను ఒక పెద్ద గ్రంథం అనుకోండి. అందులో వాడే అక్షరాలు నాలుగే: ఎ, టి, జి, సి. తల్లి నుంచి వచ్చిన ప్రతిలోనూ, తండ్రి నుంచి వచ్చిన ప్రతిలోనూ ఇలాంటి అక్షరాలు సుమారు 300 కోట్ల చొప్పున ఉంటాయి. ఈ గ్రంథంలో ప్రోటీనును ఎలా తయారు చేయాలో చెప్పే భాగాన్ని జన్యువు అంటాం. మనిషిలో ఇలాంటి జన్యువులు సుమారు 20,000 ఉన్నాయి.

మీ గ్రంథం, మీ పొరుగువారి గ్రంథం పక్కపక్కన పెట్టి చదివితే నూటికి 99 పాళ్ళకు మించి ఒకేలా ఉంటాయి. అయినా గ్రంథం చాలా పెద్దది కనుక, ఆ మిగిలిన కొద్ది భాగంలోనే లక్షల చోట్ల తేడాలు కనిపిస్తాయి. ఒక చోట ఎ ఉండాల్సిన స్థానంలో జి ఉంటుంది. ఇంకో చోట ఒక ముక్క లేకుండా పోతుంది. మరో చోట ఒకే ముక్క మళ్ళీ మళ్ళీ వస్తుంది. వీటినే జన్యు వైవిధ్యాలు అంటారు. వీటిలో అత్యధిక భాగం వల్ల మంచీ లేదు, చెడూ లేదు. కొన్ని మన కంటి రంగును, ఎత్తును నిర్ణయించడంలో పాలు పంచుకుంటాయి. చాలా కొద్ది మాత్రం మనం ఫలానా జబ్బుకు లోనయ్యే అవకాశాన్ని పెంచుతాయి లేదా తగ్గిస్తాయి.

మెదడు జబ్బుల విషయంలో ఈ తేడాల ప్రభావం మూడు తరహాలుగా ఉంటుంది. ఒకే ఒక్క తేడా జబ్బును తెచ్చిపెట్టడం మొదటిది. ఒక తేడా జబ్బు అవకాశాన్ని పెంచి, అక్కడితో ఆగిపోవడం రెండోది. వందల తేడాలు తలా కాస్త చేయి వేయడం మూడోది. ఈ మూడింటినీ కలగాపులగం చేయడం వల్లనే మనకు అనవసరపు భయాలూ, అంతకంటే ప్రమాదకరమైన నిర్లక్ష్యమూ రెండూ పుడుతున్నాయి.

ఒక్క తేడా చాలు: ఢిల్లీలో గుర్తించిన వణుకు జబ్బు

నలభై ఏళ్ళ వ్యక్తికి సంతకం పెడుతున్నప్పుడు, గ్లాసు ఎత్తుతున్నప్పుడు చెయ్యి వణుకుతోందనుకోండి. కొన్నాళ్ళకు తల కూడా వణుకుతుంది. ఆ తర్వాత నడకలో తూలు వస్తుంది, మాట ముద్దగా మారుతుంది. మొదట్లో దీన్ని నరాల బలహీనత అనుకుంటారు. వణుకు ఒక్కటే ఉన్న దశలో ఎసెన్షియల్ ట్రెమర్ అనే సాధారణ వణుకు జబ్బుగా వైద్యులు పొరబడడం కూడా కద్దు. అసలు లోపం చిన్నమెదడులో ఉంటుంది. శరీరం తూలకుండా, కదలికలు కుదురుగా ఉండేలా చూసేది ఈ చిన్నమెదడే. దీన్నే అనుమస్తిష్కం అంటారు. అక్కడి నాడీకణాలు క్రమంగా దెబ్బతినే జబ్బుల కుటుంబాన్ని స్పైనో సెరెబెల్లార్ అటాక్సియా అంటారు. వాటికి నంబర్లున్నాయి. మనం చెప్పుకుంటున్నది 12వ రకం.

ఈ రకాన్ని మొదటిసారి 1999లో అమెరికాలో, జర్మన్ సంతతికి చెందిన ఒక కుటుంబంలో గుర్తించారు. ప్రపంచంలో చాలా అరుదైన జబ్బు అనుకున్నారు. రెండేళ్ళు తిరగకుండానే, 2001లో, భారతదేశంలో ఐదు కుటుంబాల్లో ఇదే జబ్బు ఉన్నట్టు పరిశోధన పత్రం వెలువడింది. ఈ పని చేసింది ఢిల్లీలోని అఖిల భారత వైద్య విజ్ఞాన సంస్థ, అంటే ఎయిమ్స్‌లోని నాడీవైద్యులు, ఢిల్లీ విశ్వవిద్యాలయం పక్కన మాల్ రోడ్డులో ఉన్న సి.ఎస్.ఐ.ఆర్. ప్రయోగశాలకు చెందిన జన్యు శాస్త్రజ్ఞులు. ఆ ప్రయోగశాలనే 2002 నుంచి ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ జీనోమిక్స్ అండ్ ఇంటిగ్రేటివ్ బయాలజీ అంటున్నాం. క్రమంగా మరిన్ని కుటుంబాలు బయటపడ్డాయి. వాటిలో అత్యధికం ఒకే సమాజానికి చెందినవి. హర్యానాలోని అగ్రోహాను తమ మూలస్థానంగా చెప్పుకునే అగర్వాల్ సమాజం అది.

ఇంతకీ తేడా ఎక్కడుంది? 5వ క్రోమోజోములో పి.పి.పి.2ఆర్2బి అనే జన్యువు ఉంది. దాని ముందుభాగంలో సి.ఎ.జి. అనే మూడక్షరాల ముక్క వరసగా కొన్నిసార్లు వస్తుంది. మనలో దాదాపు అందరికీ ఇది 30 సార్లకు లోపే ఉంటుంది. ఈ జబ్బున్నవారిలో 51 నుంచి 78 సార్ల దాకా కనిపించింది. రికార్డు గీత పడినప్పుడు గ్రామఫోను ఒకే ముక్కను పదే పదే పాడుతుందే, అలాంటిదన్నమాట. ఆ జన్యువు చెప్పే ప్రోటీను నాడీకణాల్లోని ఒక ముఖ్యమైన ఎంజైమును నియంత్రిస్తుంది.

ఈ జబ్బు వంశపారంపర్యంగా వచ్చే తీరును బహిర్గత లక్షణం అంటారు. పాఠశాలలో మెండెల్ బఠానీ మొక్కల పాఠం చదివినవారికి ఈ మాట గుర్తుండే ఉంటుంది. రెండు ప్రతుల్లో ఒకదానిలో లోపం ఉన్నా చాలు, జబ్బు రావచ్చు. తండ్రికో తల్లికో జబ్బు ఉంటే ప్రతి బిడ్డకూ లోపమున్న ప్రతి అందే అవకాశం సగానికి సగం. ఇక్కడ ఒక అపోహ ఉంది. "నలుగురు పిల్లలుంటే ఇద్దరికి తప్పక వస్తుంది" అని చాలామంది అనుకుంటారు. అది తప్పు. ప్రతి కాన్పూ విడిగా ఎగరేసిన నాణెం. నాలుగుసార్లు ఎగరేస్తే నాలుగుసార్లూ బొమ్మే పడవచ్చు, ఒక్కసారీ పడకపోవచ్చు. నలుగురిలో ఏ ఒక్కరికీ లోపం అందకుండా ఉండే అవకాశం 16లో 1. అన్నకు వచ్చింది కనుక తమ్ముడు తప్పించుకుంటాడనీ చెప్పలేం, తమ్ముడికీ తప్పదనీ చెప్పలేం.

ఒకే సమాజంలో ఎందుకు?

ఈ ప్రశ్నకు జవాబు చెప్పేముందు ఒక హెచ్చరిక. జబ్బు ఏ కులపు సొత్తూ కాదు. ఫలానా సమాజంలో ఒక లోపం ఎక్కువగా కనిపిస్తే అది ఆ సమాజపు తప్పూ కాదు, నాసిరకం రక్తమూ కాదు. ఇది కేవలం లెక్క.

ఎన్నో తరాల కిందట ఒక చిన్న సమూహం ఉందనుకోండి. అందులో ఒకే ఒక్క వ్యక్తి డి.ఎన్.ఎ.లో ఒక కొత్త తేడా ఏర్పడింది. ఆ సమూహం తమలో తామే పెళ్ళిళ్ళు చేసుకుంటూ లక్షల మందిగా పెరిగింది. అప్పుడు ఆ ఒక్క పూర్వికుని తేడా కూడా వేలమందికి పంచబడుతుంది. దీన్ని శాస్త్రజ్ఞులు మూలపురుష ప్రభావం అంటారు. ఢిల్లీ శాస్త్రజ్ఞులు 2005లో ప్రచురించిన పత్రంలో, భారతీయ కుటుంబాల్లో ఈ లోపం చుట్టూ ఉన్న డి.ఎన్.ఎ. అక్షరాలు కూడా ఒకేలా ఉన్నాయని చూపారు. అంటే వేరువేరు ఊళ్ళలో ఉన్నా, ఒకరికొకరు తెలియకపోయినా, వీరందరికీ ఆ ముక్క ఒకే పూర్వికుని నుంచి వచ్చిందన్నమాట.

"మేం సగోత్రీకులను చేసుకోం కదా, మరి మాకెలా?" అని కొందరు అడుగుతారు. గోత్రం తండ్రి వైపు వరసను మాత్రమే లెక్కిస్తుంది. తల్లి వైపు నుంచి, నాయనమ్మ వైపు నుంచి వచ్చిన జన్యువులు గోత్రం లెక్కకు అందవు. గోత్రాలు వేరైనా సమాజం ఒకటే అయితే, దూరపు పూర్వికులు ఉమ్మడిగానే ఉంటారు.

ఇది మన తెలుగువారికి పరాయి సంగతేమీ కాదు. ఆర్యవైశ్య సమాజంలో బ్యూటిరిల్ కోలిన్ ఎస్టరేజ్ అనే ఎంజైము లోపం ఇతరులలో కంటే చాలా ఎక్కువ. ఇది మెదడు జబ్బు కాదు. మామూలు జీవితంలో దీనివల్ల ఏ ఇబ్బందీ ఉండదు. కాని ఆపరేషన్ సమయంలో కండరాలు సడలడానికి సక్సినైల్ కోలిన్ అనే మందు ఇస్తే, నిమిషాల్లో విరిగిపోవలసిన ఆ మందు గంటల తరబడి పనిచేస్తుంది. అంతసేపూ రోగి సొంతంగా ఊపిరి తీసుకోలేడు, వెంటిలేటరు మీద ఉంచవలసి వస్తుంది. ముందే తెలిస్తే వేరే మందు వాడతారు, సమస్యే రాదు. కుటుంబంలో ఎవరికైనా మత్తుమందు నుంచి ఆలస్యంగా తేరుకున్న చరిత్ర ఉంటే ఆ ముక్క డాక్టరుకు చెప్పడం ఎంత అవసరమో దీన్నిబట్టి అర్థం చేసుకోవచ్చు.

హైదరాబాదులోని సి.సి.ఎం.బి., అమెరికాలోని హార్వర్డ్ శాస్త్రజ్ఞులు కలిసి 2017లో ప్రచురించిన అధ్యయనం దీనికి కొలత కట్టింది. దక్షిణాసియాలోని 263 సమూహాలను పరిశీలిస్తే, 81 సమూహాల్లో మూలపురుష ప్రభావం యూరపు యూదుల్లో, ఫిన్‌లాండ్ ప్రజల్లో కంటే కూడా బలంగా కనిపించింది. వాటిలో 14 సమూహాల జనాభా పది లక్షలకు పైమాటే. అంటే జనాభా కోట్లలో ఉన్నా, మన దేశం జన్యుపరంగా చాలా చిన్న చిన్న గదులుగా విడిపోయి ఉందని అర్థం.

మేనరికం మాట

ఇక్కడే మేనరికం గురించి కూడా చెప్పుకోవాలి. ఎంజైము లోపం అంతర్గత లక్షణం. రెండు ప్రతులూ లోపమున్నవైతేనే బయటపడుతుంది. ఒకే ప్రతి లోపమున్నవారు వాహకులు. వారికి ఏమీ కాదు. ఇద్దరు వాహకులు పెళ్ళి చేసుకుంటే ప్రతి బిడ్డకూ జబ్బు వచ్చే అవకాశం 4లో 1. మేనబావ, మేనమరదళ్ళ మధ్య 8వ వంతు జన్యువులు ఉమ్మడిగా ఉంటాయి. మేనమామ, మేనకోడళ్ళ మధ్య 4వ వంతు ఉమ్మడి. అందుకే ఇద్దరూ ఒకే లోపానికి వాహకులయ్యే అవకాశం పెరుగుతుంది. 12వ రకం అటాక్సియా లాంటి బహిర్గత జబ్బుకు మాత్రం మేనరికంతో పనిలేదు. ఒక్క ప్రతి చాలు కదా! "మాది మేనరికం కాదు, మాకు వంశపారంపర్య జబ్బులు రావు" అనే ధీమా అందుకే పనికిరాదు.

మెదడుకు సంబంధించిన అంతర్గత జబ్బుల్లో తప్పక తెలుసుకోవలసినది విల్సన్ వ్యాధి. 13వ క్రోమోజోములోని ఎ.టి.పి.7బి అనే జన్యువు దెబ్బతినడం వల్ల ఆహారంలోని రాగి బయటికి పోకుండా కాలేయంలో, మెదడులో పేరుకుంటుంది. బడికి వెళ్ళే వయసులోనే చేతిరాత చెడడం, మాట తడబడడం, ప్రవర్తన మారడం కనిపించవచ్చు. దీనికి మందులున్నాయి. తొందరగా గుర్తించి, జీవితాంతం మందు వాడితే మామూలు మనిషిలా బతకవచ్చు. అందుకే ఒక బిడ్డకు ఈ జబ్బని తేలితే, ఏ లక్షణాలూ లేకపోయినా తోబుట్టువులందరికీ పరీక్ష చేయించాలి.

అవకాశాన్ని పెంచే తేడా: బల్లభ్‌గఢ్ చెప్పిన పాఠం

ఇక రెండో తరహా. వృద్ధాప్యంలో మతిమరుపును తెచ్చే జబ్బుల్లో ముఖ్యమైనది అల్జీమర్స్. 19వ క్రోమోజోములో అపో-ఇ అనే జన్యువు ఉంది. కొవ్వు పదార్థాలను మోసుకుపోయే ప్రోటీనును ఇది తయారు చేస్తుంది. దీనిలో ఇ2, ఇ3, ఇ4 అని మూడు రకాలున్నాయి. వీటి మధ్య ఉన్న తేడా ప్రోటీనులో ఒకటి రెండు స్థానాలే. కాని ఇ4 ఉన్నవారికి అల్జీమర్స్ వచ్చే అవకాశం ఎక్కువని అమెరికాలోని డ్యూక్ విశ్వవిద్యాలయ శాస్త్రజ్ఞులు 1993లో వెల్లడించారు. యూరపు సంతతి ప్రజల్లో ఒక ఇ4 ప్రతి ఉంటే ఆ అవకాశం సుమారు మూడు రెట్లు పెరుగుతుంది. రెండు ఉంటే ఇంకా ఎక్కువ. ఇ2 ఉంటే కొంత రక్షణ.

మరి మన దగ్గర? ఢిల్లీకి దక్షిణాన, ఫరీదాబాద్ జిల్లాలోని బల్లభ్‌గఢ్‌లో ఎయిమ్స్ 1965 నుంచి గ్రామీణ ఆరోగ్య కేంద్రాన్ని నడుపుతోంది. 1990వ దశకంలో భారత, అమెరికా పరిశోధకులు కలిసి అక్కడి 28 గ్రామాల్లో 55 ఏళ్ళు దాటిన 5,126 మందిని పరీక్షించారు. వారిలో నూటికి 73 మందికి చదువు రాదు. "ఈ వాక్యం చదివి అలా చేయండి" అని అడిగే అమెరికా ప్రశ్నపత్రం వారికి పనికిరాదు. చదువు రాకపోవడం వేరు, మతి తప్పడం వేరు. అందుకని వారికి తగ్గట్టు హిందీలో కొత్త ప్రశ్నావళిని తయారు చేశారు. పోలిక కోసం అమెరికాలోని పెన్సిల్వేనియా రాష్ట్రంలో ఉన్న మొనోంగహేలా లోయ ప్రజలను తీసుకున్నారు.

ఫలితాలు ఆశ్చర్యపరిచాయి. 65 దాటినవారిలో ఏటా వెయ్యి మందికి కొత్తగా అల్జీమర్స్ వచ్చేవారు, వయసుల తేడాను సరిచేసి లెక్కిస్తే, బల్లభ్‌గఢ్‌లో 4.7 మంది. మొనోంగహేలా లోయలో 17.5 మంది. ఇ4 రకం జన్యువు కూడా బల్లభ్‌గఢ్‌లో తక్కువగానే ఉంది. నూరు ప్రతుల్లో 7 చొప్పున. అక్కడ 11 చొప్పున.

చూశారా, జన్యువు తక్కువ కనుక జబ్బు తక్కువ అనేయాలనిపిస్తుంది. కాని కాస్త ఆగి లెక్క చూడండి. జబ్బులో తేడా దాదాపు నాలుగు రెట్లు. జన్యువులో తేడా రెండు రెట్లు కూడా లేదు. పైగా ఇ4కూ జబ్బుకూ ఉన్న సంబంధం రెండు చోట్లా ఒకే బలంతో కనిపించింది. కనుక జన్యువు కొంత చెప్పింది, అంతా చెప్పలేదు. మిగతా తేడాకు ఆయుర్దాయం, జబ్బు పడ్డాక బతికే కాలం, జీవన విధానంలోని ఇతర అంశాలు కారణం కావచ్చని పరిశోధకులు భావించారు. ఒక జన్యువు ఎంతమందిలో ఉంది అన్నది ఒక ప్రశ్న. ఉన్నవారిలో అది ఎంత పనిచేస్తుంది అన్నది మరో ప్రశ్న. ఈ రెండింటినీ విడివిడిగా అడగడం నేర్చుకుంటే పత్రికల్లో వచ్చే సగం వార్తలు మీకు సరిగ్గా అర్థమవుతాయి.

అలాగని మన దేశంలో మతిమరుపు జబ్బులు తక్కువని నిశ్చింతగా ఉండడానికి లేదు. ఎయిమ్స్ భాగస్వామిగా దేశమంతటా జరిగిన మరో అధ్యయనం 2023లో వెలువడింది. 60 దాటినవారిలో నూటికి 7.4 మందికి డిమెన్షియా ఉన్నట్టు, అంటే దేశంలో సుమారు 88 లక్షల మంది ఉన్నట్టు అది అంచనా వేసింది. ఈ రెండు అధ్యయనాల పద్ధతులు వేరు, వయసుల లెక్క వేరు. అంకెలను పక్కపక్కన పెట్టి పోల్చకూడదు. కాని ఆయుర్దాయం పెరుగుతున్న కొద్దీ సమస్య పెరుగుతోందని మాత్రం స్పష్టం.

వందల చేతులు: మూడో తరహా

స్కిజోఫ్రీనియా లాంటి మానసిక వ్యాధుల్లో ఒక జన్యువును వేలెత్తి చూపలేం. 2022లో ప్రచురితమైన ఒక అంతర్జాతీయ అధ్యయనం 76,755 మంది రోగుల డి.ఎన్.ఎ.ను పరిశీలించి, 287 చోట్ల తేడాలకు ఈ జబ్బుతో సంబంధం ఉందని చూపింది. ఒక్కొక్క తేడా ప్రభావం చాలా స్వల్పం. చీపురు పుల్ల ఒక్కటి ఏమీ చేయలేదు, కట్ట చేయగలదు. పైగా డి.ఎన్.ఎ. అంతా ఒకటే అయిన కవలల్లో ఒకరికి ఈ జబ్బు వస్తే, రెండో వారికి వచ్చే అవకాశం సగానికి మించదు. జన్యువులే సర్వస్వమైతే నూటికి నూరూ రావాలి కదా! గర్భంలో పోషణ, పుట్టుకలో ఇబ్బందులు, చిన్ననాటి కష్టాలు, గంజాయి అలవాటు లాంటివి మిగతా పాత్ర వహిస్తాయి. కనుక "వాళ్ళ వంశంలో పిచ్చి ఉంది" అని సంబంధాలు తప్పించడం అమానుషమే కాదు, అశాస్త్రీయం కూడా.

మన గ్రంథాన్ని మనమే చదవాలి

ఈ అధ్యయనాలకు ఒక పెద్ద లోటు ఉంది. ప్రపంచంలో ఇంతవరకు చదివిన జన్యు గ్రంథాల్లో అత్యధిక భాగం యూరపు సంతతివారివి. అక్కడ తేలిన ఫలితం మనకు అలాగే సరిపోతుందని అనుకోలేం. పార్కిన్సన్స్ వ్యాధినే తీసుకోండి. ఎల్.ఆర్.ఆర్.కె.2 అనే జన్యువులో ఒక తేడా ఉత్తరాఫ్రికా అరబ్బు రోగుల్లో మూడో వంతుకు పైగా కనిపించింది. ఢిల్లీ విశ్వవిద్యాలయ శాస్త్రజ్ఞులు, వైద్యులతో కలిసి భారతీయ రోగుల్లో అదే తేడా కోసం వెతికితే, అది ఇక్కడ చాలా అరుదని 2006లో తేలింది. అంటే విదేశంలో తయారైన పరీక్షలో "లోపం లేదు" అని వచ్చినంత మాత్రాన ఇక్కడి రోగికి భరోసా దొరకదు. మనకు రాగల లోపం ఆ పరీక్ష జాబితాలోనే లేకపోవచ్చు.

ఈ లోటు తీర్చే పని ఢిల్లీలోనే మొదలైంది. 2003లో ఆరంభమైన భారత జీనోమ్ వైవిధ్య పథకంలో ఆరు సి.ఎస్.ఐ.ఆర్. ప్రయోగశాలలు పాల్గొన్నాయి. హైదరాబాదు సి.సి.ఎం.బి. వాటిలో ఒకటి. 55 సమూహాలకు చెందిన 1,871 మందిలో 75 జన్యువులను పరిశీలించి 2008లో ఫలితాలు ప్రకటించారు. అప్పటి పనిముట్లతో జన్యువుల్లో ఎంపిక చేసిన స్థానాలనే చూడగలిగారు. 2020లో మొదలైన జీనోమ్ ఇండియా పథకం సుమారు పదివేల మంది పూర్తి జన్యు గ్రంథాలను చదివింది. ఆ సమాచారాన్ని ఫరీదాబాద్‌లోని భారత జీవ సమాచార కేంద్రంలో భద్రపరచి, 2025 జనవరిలో పరిశోధకులకు అందుబాటులోకి తెచ్చారు. ఇకపై హర్యానాలోని ఒక కుటుంబంలోనో, రాయలసీమలోని ఒక కుటుంబంలోనో కొత్త తేడా కనిపిస్తే, అది జబ్బు కారణమా లేక మనవాళ్ళలో మామూలుగా ఉండేదేనా అని పోల్చి చూడవచ్చు.

పరీక్ష చేయించుకోవాలా?

"మా నాన్నగారికి ఈ జబ్బు ఉంది. నేను పరీక్ష చేయించుకోవాలా?" ఈ ప్రశ్నకు అందరికీ ఒకే జవాబు లేదు. జవాబు వెతికే దారి మాత్రం ఉంది.

మొదట జబ్బుకు చికిత్స ఉందా అని అడగండి. విల్సన్ వ్యాధిలా ఉంటే ఆలస్యం చేయకూడదు. 12వ రకం అటాక్సియాను నయం చేసే మందు ఇంకా లేదు. వణుకును తగ్గించే మందులు, ఫిజియోథెరపీ ఉన్నాయి. ఇప్పటికే లక్షణాలున్న వ్యక్తికి పరీక్ష ఉపయోగమే. జబ్బు పేరు తెలుస్తుంది, అనవసరపు మందులు, ఆసుపత్రుల చుట్టూ తిరగడం తప్పుతాయి. లక్షణాలు లేని పెద్దవారికి మాత్రం అది సొంత నిర్ణయం. తెలుసుకునే హక్కు ఎంత ఉందో, తెలుసుకోకుండా ఉండే హక్కూ అంతే ఉంది. తల్లిదండ్రులు, అత్తమామలు, కాబోయే వియ్యంకులు బలవంతం చేయకూడదు. పెద్దయ్యాక వచ్చే, చికిత్స లేని జబ్బుకు చిన్నపిల్లలకు పరీక్ష చేయించరాదు. వారు పెద్దవారై వారే నిర్ణయించుకోవాలి. పరీక్షకు ముందూ తర్వాతా జన్యు సలహాదారుతో మాట్లాడడం తప్పనిసరి. ఢిల్లీలో ఎయిమ్స్, హైదరాబాదులో నిమ్స్ వంటి పెద్ద ఆసుపత్రుల్లో ఇందుకు వైద్యులున్నారు.

ఇంటికే వచ్చే ఉమ్మి పరీక్షల్లో ఇ4 ఉందని తేలి, నిద్రపట్టక బాధపడేవారున్నారు. ఇ4 ఉన్న చాలామందికి జబ్బు రాదు. ఇ4 లేనివారికీ వస్తుంది. అది హెచ్చరిక బోర్డు మాత్రమే, తీర్పు కాదు.

బీమా సంగతి కూడా తెలుసుకోండి. జన్యు వ్యాధులన్న పేరుతో గంపగుత్తగా బీమా నిరాకరించడం వివక్ష అని 2018 ఫిబ్రవరిలో ఢిల్లీ హైకోర్టు తీర్పు చెప్పింది. ఆ మరుసటి నెలలో బీమా నియంత్రణ సంస్థ కూడా ఆ మినహాయింపును చూపి క్లెయిములు తిరస్కరించవద్దని కంపెనీలను ఆదేశించింది. పాలసీ తీసుకునేటప్పుడు షరతులు పూర్తిగా చదివి, అనుమానమున్న చోట రాతపూర్వకంగా అడగండి.

మన చేతిలో ఉన్నది

జన్యువును మార్చుకోలేం. కాని అది పనిచేసే ఇంటిని మార్చుకోవచ్చు. 2024లో లాన్సెట్ వైద్య పత్రిక నియమించిన నిపుణుల సంఘం డిమెన్షియాకు దారితీసే, మనం సరిదిద్దుకోగల 14 అంశాలను గుర్తించింది. చిన్నతనంలో చదువు లేకపోవడం, వినికిడి తగ్గడం, అధిక రక్తపోటు, మధుమేహం, పొగతాగడం, శారీరక శ్రమ లేకపోవడం, ఒంటరితనం, వాయు కాలుష్యం వాటిలో ఉన్నాయి. వీటన్నిటినీ తొలగించగలిగితే ప్రపంచంలో డిమెన్షియా కేసుల్లో దాదాపు 45 శాతాన్ని నివారించడమో వాయిదా వేయడమో సాధ్యమని ఆ సంఘం అంచనా. చలికాలంలో ఢిల్లీ గాలి పీల్చేవారికి ఆ చివరి అంశం గురించి వేరే చెప్పనక్కరలేదు. అది ఒక్కరి వల్ల అయ్యే పని కాదు, ప్రభుత్వాలను అడిగి చేయించుకోవలసిన పని. రక్తపోటు చూపించుకోవడం, అమ్మకు వినికిడి యంత్రం కొనివ్వడం, మన ఆడపిల్లను బడి మాన్పించకుండా ఉండడం మాత్రం ఈరోజే మన చేతుల్లో ఉన్నాయి.

మీరు చేసి చూడండి

ఒక తెల్ల కాగితం తీసుకోండి. మగవారికి చదరం, ఆడవారికి వృత్తం గీస్తూ మీ కుటుంబంలో మూడు తరాల వంశవృక్షం వేయండి. అమ్మ వైపు, నాన్న వైపు రెండూ ఉండాలి. వణుకు, తూలు, మతిమరుపు, మూర్ఛ, మానసిక వ్యాధి, మత్తుమందుతో ఇబ్బంది ఎవరికైనా ఉంటే ఆ గుర్తు పక్కన, ఏ వయసులో మొదలైందో రాయండి. సిగ్గుపడి ఏదీ దాచవద్దు. ఆ తర్వాత ఈ ప్రశ్నలు వేసుకోండి. జబ్బు ప్రతి తరంలోనూ కనిపిస్తోందా, లేక ఒకే తరంలోని తోబుట్టువుల్లో ఉందా? మేనరికపు పెళ్ళి ఎక్కడైనా ఉందా? మొదలైన వయసులు దగ్గరగా ఉన్నాయా?

ఈ కాగితానికి పైసా ఖర్చు లేదు. కాని నాడీవైద్యుని ముందు దీన్ని పెడితే, ఏ పరీక్ష అవసరమో, ఏది అనవసరమో చెప్పడానికి ఆయనకు సగం పని తగ్గుతుంది. పెద్దవాళ్ళు ఉన్నప్పుడే అడిగి రాసుకోండి.